ముంతఖబ్ ఉంటే ఇనాం భూమి మనదేనా?

ప్రశ్న: నిజాం కాలంలో మా తాతగారికి 6 ఎకరాలు ఇనాం ఇచ్చారు. ముంతఖబ్ (ఇనాం మంజూరు పత్రం) మా దగ్గరే ఉంది. 5 ఎకరాలు ఒక కుటుంబం బటాయికి, అంటే పంటలో పాలుకు, చేసేది. బావి పక్క ఎకరం తాతగారు జీతగాళ్లతో చేయించేవారు. మూడేళ్ల కిందట ఆర్డీవో ఆఫీసు నోటీసు వస్తే, రాజు ఇచ్చిన ప్రత్యేక హక్కును ఎవరు తీస్తారులే అని వెళ్లలేదు. ఇప్పుడు 6 ఎకరాలకూ ఆ బటాయి కుటుంబం పేరున ఓఆర్సీ (సాగుదారు హక్కు పత్రం) ఇచ్చేశారు. పాత పహాణీలో (ఏటా ఎవరు సాగుచేశారో రాసే రెవెన్యూ రికార్డు) తాతగారి పేరు ఎక్కిస్తానని ఒక మధ్యవర్తి అంటున్నాడు. అవమానంతో నిద్ర పట్టడం లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, మెదక్ జిల్లా

జవాబు: ఇనాం అరబ్బీ మాట, ఉర్దూ మీదుగా మనకు వచ్చింది. మెచ్చి ఇచ్చిన బహుమానమని అర్థం. ఆచరణలో పాలకుడు వదులుకున్నది ఆ భూమి మీద శిస్తు, పూర్తిగానో కొంతో. కోస్తాలో మాన్యం అనేదీ ఇలాంటిదే. తెలంగాణలో ఈ ప్రత్యేక హక్కును 1955 నాటి ఇనాంల రద్దు చట్టం తీసేసింది. 20-7-1955 నుంచి ఇనాం భూములు ప్రభుత్వానివయ్యాయి. కాబట్టి ముంతఖబ్ మీ తాతగారు ఇనాందారని చెబుతుంది, అంతే. ఇవాళ భూమి మీదని చెప్పదు.

మీ కేసును తేల్చేది ఒక్క తేదీ: 1-11-1973. ఆ రోజున ఎవరు సొంతంగా సాగుచేస్తున్నారో వాళ్లకే ఓఆర్సీ. జీతమిచ్చి చేయిస్తే సొంత సాగే, పంటలో పాలు ఇస్తే కాదు. మీరు సాక్ష్యంగా పంపిన నాన్నగారి లెక్కల పుస్తకంలో 1973-74 పేజీ చూడండి: "సగం పాలు 11 బస్తాలు", కింద బటాయిదారు వేలిముద్ర. ఆ 5 ఎకరాలు వాళ్లు చేశారనడానికి ఇంతకంటే గట్టి రుజువు వాళ్ల దగ్గర కూడా ఉండదు.

నోటీసు మీద సంతకం పెట్టి విచారణకు పోకపోవడం క్షమించరాని నిర్లక్ష్యం. ఆ రోజు వెళ్లి బావి పక్క ఎకరం గురించి ఒక్క మాట చెప్పి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు. అప్పీలుకు గడువు 30 రోజులే. ఆర్డరు తేదీ మీరు రాయనే లేదు. గడువు దాటితే ఆలస్యానికి తగిన కారణం చూపాలి. నోటీసు అందలేదని మాత్రం రాయకండి, ఫైల్లో మీ సంతకం ఉంది.

పాత పహాణీలో తాతగారి పేరు "ఎక్కిస్తాను" అంటున్న మధ్యవర్తిని ఈరోజే వదిలించుకోండి. ముందు వెనక సంవత్సరాల పహాణీలతో పోల్చగానే దొంగతనం బయటపడుతుంది. ఫోర్జరీ కేసు మీ మీద పడుతుంది, ఉన్న ఎకరం వాదనా పోతుంది.

మీ అసలు కేసు ఆ ఎకరమే. ఆర్డీవో ఆర్డరుకు, 1954-55 ఖాస్రా పహాణీకి (మూల భూరికార్డు), 1972 నుంచి 1975 దాకా పహాణీలకు సర్టిఫైడ్ కాపీలు వెంటనే అడగండి. అనుభవదారు గడిలో, అంటే సాగులో ఉన్నవారి పేరు రాసే చోట, ఆ ఎకరానికి ఎవరి పేరుందో చూడండి. అప్పటి జీతగాళ్లలో బతికున్నవారి అఫిడవిట్లు, బావి మోటారు కరెంటు బిల్లులు పనికొస్తాయి. అప్పీలు ఆ ఎకరం వరకే వేయండి. మొత్తం 6 ఎకరాలూ అడిగితే నిజమైన ఎకరాన్నీ ఎవరూ నమ్మరు. మిగతా 5 ఎకరాలకు చట్టం 12వ సెక్షన్ కింద ఇనాందారుకు పరిహారం ఉంది, అది తాతగారికి ముట్టిందో లేదో ఆర్డీవో ఆఫీసులోనే లిఖితపూర్వకంగా అడగండి.