ధమనికి కాల్షియం పడితే విటమిన్-కె మాత్రలు వేయవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 67 ఏళ్లు. గుండెలో మైట్రల్ కవాటం మార్చి లోహపు కవాటం పెట్టినప్పటి నుంచి, రక్తం గడ్డకట్టకుండా అసినోకౌమరాల్ మందు వాడుతున్నారు. ఈమధ్య తీసిన ఎక్స్‌రేలో బృహద్ధమనికి కాల్షియం పట్టిందని రాశారు. విటమిన్-కె2 మాత్రలతో అది కరుగుతుందని బంధువులు చెబుతున్నారు. వేయమంటారా? భయపడి ఆకుకూరలు మానిపించాం.
- ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: ఆ మాత్రలు మొదలుపెట్టవద్దు. మీ నాన్నగారి విషయంలో అవి ప్రాణాపాయం తెచ్చిపెట్టవచ్చు.

మీ బంధువుల మాట పూర్తిగా నిరాధారమైనది కాదు. వయసుతోపాటు ధమని గోడలోని కొన్ని కణాలు ఎముక కణాల తీరుకు మారి కాల్షియాన్ని పోగుచేసుకుంటాయి. దానిని అడ్డుకునేందుకు ఆ గోడలోనే మ్యాట్రిక్స్ గ్లా ప్రొటీన్ తయారవుతుంది. దీని జన్యువును తొలగించిన ఎలుకలు ధమనులు గట్టిపడి, చిట్లి, రెండు నెలలలోపే చనిపోయాయని 1997లో వెల్లడైంది. ఈ ప్రొటీన్ పనిచేయాలంటే విటమిన్-కె కావాలి. రక్తం గడ్డకట్టించే 2, 7, 9, 10 కారకాలకూ అదే కావాలి. అసినోకౌమరాల్ శరీరంలో విటమిన్-కె తిరిగి వినియోగంలోకి రాకుండా ఆపుతుంది కనుక, గడ్డలతోపాటు ధమనికి ఉన్న ఈ రక్షణ కూడా కొంత తగ్గుతుంది. అలాగని మందు మానినా, దానికి విరుగుడైన విటమిన్‌ను మాత్రలుగా వేసినా లోహపు కవాటంపై గడ్డ ఏర్పడి పక్షవాతం రావచ్చు. రక్తం గడ్డకట్టకుండా చేసే కొత్తరకం మందులు, అంటే డాబిగాట్రాన్ వంటివి, లోహపు కవాటం ఉన్నవారికి పనికిరావు.

పైగా మాత్రల వల్ల మేలు జరుగుతుందని రుజువు కాలేదు. డెన్మార్క్‌లో బృహద్ధమని కవాటానికి కాల్షియం పట్టిన 365 మంది పురుషులపై జరిపిన పరిశీలనలో, సగం మందికి రెండేళ్లపాటు రోజూ 720 మైక్రోగ్రాముల కె2ను విటమిన్-డితో కలిపి ఇచ్చినా కాల్షియం పెరుగుదల నెమ్మదించలేదని 2022లో తేలింది.

ఆకుకూరల్లోనూ విటమిన్-కె ఉంటుంది, అయినా వాటిని మానిపించనవసరం లేదు. తోటకూర, గోంగూర, బచ్చలి ఏదైనా వారం వారం దాదాపు ఒకే మోతాదులో తినాలి. ఆషాఢం వచ్చిందని రోజూ మునగాకు వండి, తర్వాత నెల్లాళ్లు ముట్టకపోతే ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని తెలిపే రక్తపరీక్ష) ఫలితం ఊగిసలాడుతుంది. ఇప్పుడు ఒక్కసారిగా మానిపించారు కాబట్టి ఈ వారంలోనే ఆ పరీక్ష చేయించండి. ఆకుకూరలు తిరిగి మొదలుపెట్టాక మరోసారి చేయించి, రెండు రిపోర్టులూ మీ గుండె వైద్యునికి చూపండి. మందు మోతాదును ఆయనే నిర్ణయించాలి.

రక్తపోటు, మధుమేహం అదుపులో ఉన్నాయో లేదో చూసుకుని, క్రియాటినిన్ పరీక్ష కూడా చేయించండి, ఎందుకంటే మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో ధమనులకు కాల్షియం త్వరగా పడుతుంది. మీ ప్రాంతంలో పెద్దవారికి లంక పొగాకు చుట్ట అలవాటు ఉండటం కొత్త కాదు. నాన్నగారికి ఉంటే, మానిపించవలసింది ఆకుకూరలను కాదు, దానిని.