గట్టర్ పొంగి గోడ తడుస్తోందన్న ప్రశ్నకు సమాధానం

అన్నా, హనుమకొండలో మీ రేకుల షెడ్డు గట్టర్ (రేకు అంచున వాన నీళ్లు పట్టే తొట్టి) మొన్నటి వానకు పొంగి గోడంతా చెమ్మ పట్టిందన్నారు. వానాకాలం పోయింది కదా, జూన్‌లో చూద్దాం అనుకోకండి. 2025 అక్టోబరు చివర్లో మొంథా తుపాను వరంగల్‌ను ఎట్లా ముంచిందో చూశాం కదా. పైగా పక్కనే వేపచెట్టు ఉందన్నారు. చలికాలం చివర్లో దాని ఆకు మొత్తం రాలుతుంది. సంక్రాంతి దాటాక ఒకసారి, హోలీ తర్వాత మరోసారి గట్టర్‌లో పడ్డ ఆకు ఎత్తేయండి.

ఆకు చేత్తోనో ప్లాస్టిక్ తాపీతోనో తీయండి. ఇనుప గరిటె వద్దు, జింకు పూత లేచి అక్కడే తుప్పు మొదలవుతుంది. తర్వాత బకెట్ నీళ్లు పోసి చూడండి. నీళ్లు నిలిస్తే వాలు తక్కువైనట్టు, మీటరుకు 5 మిల్లీమీటర్లన్నా ఉండాలి. వాలు బాగుండీ పొంగితే నీళ్లు కిందికి దిగే పైపు ఎల్బోలోనే, అంటే దాని వంపులోనే అడ్డం ఉంటుంది, నా అనుమానం దానిమీదే. కింది నుంచి రబ్బరు పైపుతో నీళ్లు కొట్టి, పైన దాని మూతికి జాలీ పెట్టండి.

అతుకులకు సిలికాన్ పొద్దున పూయకండి, మంచు తడికి పట్టదు. ఎండ బాగా ఎక్కాక, గుడ్డతో తుడిచి పూయండి. నిచ్చెన కింద ఒక మనిషి తప్పకుండా ఉండాలి.