సంక్రాంతి బరికి చేను ఇస్తే, ఇచ్చినవాడి మీద కేసు పడుతుందా?

మీరు అడిగింది ఇదీ: ఆకివీడు దగ్గర ఎకరం మెరక చేను ఉంది, పండగ మూడు రోజులూ కోడిపందాల బరి వేసుకుంటామని ఊళ్ళోవాళ్ళు అడుగుతున్నారు, అద్దె బాగానే ఇస్తామంటున్నారు. మీరు పందెం కాయరు, పుంజుని దింపరు. స్థలం ఇచ్చినందుకే కేసు అవుతుందా అని.

అవుతుందండీ. అదీ పక్కనుండి సాయం చేసినవాడి లెక్కలో కాదు, నేరుగా ముద్దాయిగానే. ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం (1974) సెక్షన్ 3 చూడండి. జూదం ఆట నడిపేవాడు, తన చోటు అందుకు వాడుకోనిచ్చినవాడు, నడపడానికి తోడ్పడినవాడు, ఆటకి డబ్బు సర్దినవాడు, అందరూ ఒకే గాటన ఉంటారు. చోటంటే ఇల్లో గదో కానక్కర్లేదు. టెంటు, దడి కట్టిన ఆవరణ, బండి, పడవ, ఏదైనా సరే. అక్కడ ఆట సామాను ఉండి, దానివల్ల ఆ చోటు గలవాడికి లాభం ఉంటే చాలు. మీ చేతికొచ్చే అద్దే ఆ లాభం. 2020 సవరణ తరవాత మొదటిసారికి ఏడాది వరకు, మళ్ళీ దొరికితే రెండేళ్ళ వరకు జైలు.

‘పైసా తీసుకోకుండా ఊరికే ఇచ్చాం’ అంటే తప్పించుకోవచ్చా? 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం సెక్షన్ 11(1)(ఎన్)లో డబ్బు ప్రసక్తే అక్కర్లేదు. జంతువుల పోట్లాటకి చోటివ్వడమే కాదు, ఇస్తాననడం కూడా నేరమే. మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. పందెంకోడికి పెట్టే బాదంపప్పు ఖర్చు కూడా కాదు, అందుకే జనం నవ్వేస్తారు. కానీ కేసు ఆ ఒక్క సెక్షన్‌తో ఆగదు. బరి పక్కన గుండాట (పాచికల జూదం), కోతాట (పేకముక్కల జూదం) బల్లలు పడితే అసలు బరువు వాటిదే. ముఠాగా నడిపారని తేలితే, అనధికార జూదం భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 112 కిందికి కూడా వస్తుంది: ఏడాదికి తగ్గకుండా, ఏడేళ్ళ వరకు. 2024 జూలై 1కి ముందు పాత ఐపీసీలో ఈ సెక్షన్ లేదు, కాబట్టి ‘మా నాన్నగారి రోజుల్లో ఫైను కట్టి వచ్చేసేవారు’ అన్న మాట పట్టుకోకండి.

చట్టంలో పేరు పెట్టి చెప్పని మిగతా సాయాలకి న్యాయ సంహిత సెక్షన్ 45 ఉంది. ఉసిగొల్పడం, కూడబలుక్కోవడం, కావాలని సాయపడటం, ఈ మూడింట్లో ఏదైనా దుష్ప్రేరణే. ఆ నేరం జరిగితే, వేరే శిక్ష రాసి లేనప్పుడు, సెక్షన్ 49 ప్రకారం చేసినవాడికెంతో సాయపడినవాడికీ అంతే. కానీ ‘కావాలని’ అన్నది తేలాలి. పకోడీల బండివాడు పందెం జరగాలని సాయం చేసినట్టు కాదు. టెంట్‌హౌస్ అతను సంబరాలకనుకుని కుర్చీలు పంపితే అదీ కాదు. అదే మనిషి బరి చుట్టూ బారికేడ్లు తనే కట్టించి, వసూళ్ళలో వాటా మాట్లాడుకున్నాడా, ఇక తెలీదంటే ఎవరూ నమ్మరు. కాలికి కత్తి కట్టేవాడి సంగతి చెప్పేదేముంది. చూడ్డానికి వెళ్ళినవాళ్ళు కూడా ధీమాగా ఉండకూడదు, జూదం కోసం అక్కడున్నారని తేలితే గేమింగ్ చట్టం సెక్షన్ 4 ఉంది. గట్టవతల రైతు చూసి ఊరుకుంటే మాత్రం మామూలుగా నేరం కాదు. చెప్పి తీరాల్సిన బాధ్యత చట్టం పెట్టినచోటే మౌనం తప్పవుతుంది.

పై పందాల (చూసేవాళ్ళు తమలో తాము కాసుకునేవి) దగ్గర గొడవై ఎవరైనా పొడుచుకుంటే హత్య కేసు కూడా మీ మీదికొస్తుందా అన్న భయం చాలామందికి ఉంటుంది. మామూలుగా రాదు. న్యాయ సంహిత సెక్షన్ 51 ప్రకారం, మీరు చేసిన సాయం వల్ల జరగడానికి బాగా అవకాశమున్న పని అయితేనే ఆ వేరే నేరం మీకూ అంటుతుంది. కానీ సాక్షిగానో ముద్దాయిగానో స్టేషన్ చుట్టూ తిరగడం తప్పదు.

మీరు హైదరాబాద్‌లో ఉండి, చేను కౌలుకిచ్చి, కౌలురైతు మీకు తెలియకుండా బరికి ఇస్తే అది అతని తప్పు. అతను ముందే ఫోన్ చేసి అడిగితే ‘నీ ఇష్టం’ అన్నారా, ఆ ఒక్క మాట చాలు. దానికితోడు మీకు ఫోన్‌పేలో డబ్బు పడిందంటే ఇంక వాదించడానికేం మిగలదు.

ఇంకో రెండు చిక్కులు ఎవరూ ముందు చెప్పరు. రాత్రి పందాలకి ఫ్లడ్‌లైట్ల వైరు మీ బోరు మోటారు స్టార్టర్ నుంచే లాగుతారు. వ్యవసాయ సర్వీసుని వేరే పనికి వాడితే విద్యుత్ చట్టం (2003) సెక్షన్ 126 కింద రెట్టింపు టారిఫ్‌తో లెక్క కడతారు. ఆ చోటు ఎవరి స్వాధీనంలోనో, అజమాయిషీలోనో ఉంటే నోటీసు వాళ్ళకే. రెండోది అద్దె. ‘కబడ్డీ పోటీలకి’ అని స్టాంపు కాగితం రాయించుకున్నా అసలు పని చట్టవిరుద్ధమైతే కాంట్రాక్టు చట్టం (1872) సెక్షన్ 23 ప్రకారం ఆ ఒప్పందం చెల్లదు. పండగ దాటాక డబ్బు ఎగ్గొడితే కోర్టుకెళ్ళి వసూలు చేసుకోలేరు. గట్లు చదును చేసిన జేసీబీ ఖర్చూ, దాళ్వాకి (రెండో పంట వరికి) చేను మళ్ళీ సరిచేసుకునే ఖర్చూ మీవే.

ఇవ్వనంటే ఊళ్ళో మాట పడాలి, నిజమే. నోటితో కాదని ఊరుకోకండి. సర్వే నంబరు, ఎకరం సరిహద్దులు, అడిగిన తేదీ, నేను ఒప్పుకోలేదన్న మాట, ఇంతే రాసి ఎస్ఐ గారికి ఇచ్చి, మీ కాపీ మీద స్టేషన్ ముద్ర, తేదీ వేయించుకోండి. నకలు తహసీల్దార్‌కీ ఇవ్వండి. ముద్ర వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. ఇది కోడి కూయకముందే, అంటే జేసీబీ దిగకముందే జరగాలి. బలవంతంగా దిగితే 112కి ఫోన్ చేసి, వీడియో తీసి ఉంచుకోండి.

ఒకవేళ ఇప్పటికే ఇచ్చేసి, భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 35(3) కింద విచారణకి రమ్మని నోటీసు వస్తే చెప్పిన రోజుకి వెళ్ళండి. వెళ్ళినవాళ్ళని, కారణం రాసి పెడితే తప్ప, అరెస్టు చేయరు. వెళ్ళకపోతే అదే అరెస్టుకి కారణమవుతుంది. విచారణలో రాసుకున్న వాంగ్మూలం మీద సంతకం అడిగితే పెట్టక్కర్లేదు, సెక్షన్ 181 అదే చెబుతుంది. పంచనామా మీద పెట్టమంటే మాత్రం ముందు పూర్తిగా చదవండి, ఖాళీ కాగితమైతే పెట్టకండి.