క్రోమ్‌బుక్ కొనేముందు దుకాణంలోనే నెట్‌కు కలిపి చూడండి

ఉద్యోగ విరమణ చేసిన మీ నాన్నగారికి మెయిళ్లు చూసుకోవడానికి, కరెంటు బిల్లు కట్టుకోవడానికి, తెలుగులో రాసుకోవడానికి, ఊరి బయట ఉన్న పిల్లలతో వీడియో కాల్ మాట్లాడుకోవడానికి తక్కువ ధరలో తేలికపాటి ల్యాప్‌టాప్ కొనాలనుకుంటున్నామనీ, క్రోమ్‌బుక్ (విండోస్ బదులు గూగుల్ వారి క్రోమ్ ఓఎస్‌తో నడిచే ల్యాప్‌టాప్) సరిపోతుందా, పాతది తీసుకోవచ్చా, 4 జీబీ ర్యామ్ చాలుతుందా, టచ్ స్క్రీన్ అవసరమా అనీ మీరు అడిగారు. నేను హనుమకొండలో ఉంటాను. ముప్పై ఒక్క సంవత్సరాలు ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో తెలుగు చెప్పి విరమించాను. మీరు చెప్పిన ఆ నాలుగు పనులే నా పనులు కూడా. క్రోమ్‌బుక్ నిస్సందేహంగా సరిపోతుంది. పాతది మాత్రం, నేను కొన్న పద్ధతిలో కొనకండి.

2023 ఆగస్టులో మా తమ్ముడి కొడుకును వెంటబెట్టుకొని సికింద్రాబాదు పార్క్‌లేన్ వైపు వెళ్లాను. అక్కడ ఒక దుకాణంలో అరల నిండా పాత క్రోమ్‌బుక్‌లు పుస్తకాల్లాగా నిలబెట్టి ఉన్నాయి. ధర 6,500 రూపాయలు. నల్లటి మందపాటి ప్లాస్టిక్, మూలలకు రబ్బరు అంచులు, 11.6 అంగుళాల తెర. చేతిలోకి తీసుకుంటే గట్టిగా, చక్కగా ఉంది. పైమూత మీద ఒక దీర్ఘచతురస్రం మేర రంగు తేడాగా ఉంది. అక్కడ వేలు పెడితే జిగురు తగిలింది. అడుగున బ్లేడుతో గీకగా మిగిలిపోయిన సగం బార్‌కోడ్ కనిపించింది. "ఇది ఏమిటండీ?" అని మా వాడు అడిగితే, "కంపెనీ స్టిక్కర్ సార్, అమెరికా నుంచి వచ్చిన మాల్ ఇదంతా" అన్నాడు దుకాణదారు. మీట నొక్కాడు. తెల్లటి తెర మీద స్వాగత వాక్యం, భాష ఎంచుకోమనే పెట్టె వచ్చాయి. "ఇక్కడ వైఫై లేదు పెద్దాయనా, ఇంటికెళ్లి నెట్ కలుపుకుంటే ఒక్క నిమిషంలో ఓపెన్ అయితది" అన్నాడు. ఆ మాట నమ్మి డబ్బు ఇచ్చాను. పాత సరుకుకు గ్యారంటీ లేదని రబ్బరు ముద్ర కొట్టిన చిన్న కాగితం చేతిలో పెట్టాడు.

రాత్రి ఎనిమిదింటికి ఇంట్లో, మా ఇల్లాలు పక్కన కుర్చీ వేసుకొని చూస్తూ ఉండగా, వైఫై పాస్‌వర్డ్ కొట్టాను. అప్‌డేట్‌ల కోసం చూస్తున్నట్టు ఒక గీత కదిలింది. ఆ తరువాత వచ్చిన తెర మీద, ఈ పరికరం ఫలానా విద్యాసంస్థ అధీనంలో ఉన్నదనీ, ఆ సంస్థ ఖాతాతోనే లోపలికి రావాలనీ రాసి ఉంది. కింద ఉన్నది అమెరికాలోని ఏదో పాఠశాల తాలూకు చిరునామా. నా జీమెయిల్ కొడితే ఒప్పుకోలేదు. మా వాడు కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్, ఆర్ మీటలు కలిపి నొక్కి పవర్‌వాష్ చేశాడు, అంటే లోపలున్నదంతా తుడిచివేశాడు. మళ్లీ స్వాగత వాక్యం వచ్చింది, మళ్లీ వైఫై కలిపాము, మళ్లీ అదే పాఠశాల పేరు వచ్చింది. "పెద్దనాన్నా, ఇది ఎన్నిసార్లు తుడిచినా ఇంతే" అన్నాడు వాడు. పదకొండు దాటేదాకా కూర్చున్నాము.

కారణం మరునాడు తెలుసుకున్నాను. మీరూ తప్పక తెలుసుకోవాలి. అమెరికా పాఠశాలలు పిల్లలకు క్రోమ్‌బుక్‌లు ఇచ్చేటప్పుడు ఒక్కొక్క యంత్రం సీరియల్ నంబరును తమ ఖాతాలో నమోదు చేసుకుంటాయి. యంత్రాన్ని ఎవరైనా తుడిచివేసినా, అది మళ్లీ ఇంటర్నెట్‌కు తగిలిన క్షణంలో ఆ నంబరును సర్వర్ గుర్తుపట్టి పాత సంస్థ అధీనంలోకే తీసుకుపోతుంది. దొంగతనం చేసినవాడికి పనికిరాకుండా చేసిన ఏర్పాటు కాబట్టి అందులో తప్పు లేదు. నంబరును విడుదల చేయకుండా యంత్రాలను వదిలించుకున్నప్పుడు మాత్రం ఇన్ని వేల మైళ్ల అవతల మనలాంటి వారికి కష్టం వస్తుంది. విడుదల చేయగలిగినది ఆ పాఠశాల నిర్వాహకుడు ఒక్కడే. అడుగున ఉన్న నంబరు రాసి ఆ పాఠశాలకు ఒక మెయిలు పంపాము, జవాబు రాలేదు. నెట్‌కు తగలనంత వరకు ఈ సంగతి ఏదీ బయటపడదు. దుకాణంలో వైఫై లేదనే మాటకు అర్థం అప్పుడు బోధపడింది.

మూడవనాడు తిరిగి వెళ్లి అదే దుకాణంలో నిలబడ్డాము. ఈసారి మా వాడు ఫోనులో హాట్‌స్పాట్ పెట్టి, దుకాణదారు తీసి ఇచ్చిన నాలుగు యంత్రాలను ఒకదాని తరువాత ఒకటిగా అక్కడే కలిపి చూశాడు. మూడింటిలో అదే రకం తెర వచ్చింది. నాలుగవది సాఫీగా తెరుచుకొని, నా జీమెయిల్‌తో లోపలికి పోయింది. దుకాణదారు ముఖం వికసించింది. మా వాడు తొందరపడకుండా సెట్టింగ్‌లలోకి వెళ్లి చివరన ఉన్న 'అబౌట్ క్రోమ్ ఓఎస్' తెరిచి, అందులో అదనపు వివరాల కింద ఉండే అప్‌డేట్ షెడ్యూలు చూపించాడు. ఆ యంత్రానికి అప్‌డేట్‌లు 2023 జూన్‌తోనే ముగిశాయి. మేము నిలబడి ఉన్నది ఆగస్టులో. గంటసేపు మాట్లాడిన మీదట 5,000 తిరిగి తీసుకొని బయటపడ్డాను. పోయిన 1,500 కన్నా, ఇవేవీ తెలియని ఎందరు తల్లిదండ్రులు ఆ అరల్లోని యంత్రాలను తమ పిల్లల చదువుల కోసం ఇంటికి తీసుకుపోయి ఉంటారో అన్న బాధే నాకు ఎక్కువ.

ప్రతి క్రోమ్‌బుక్‌కూ గూగుల్ ఒక గడువు తేదీ పెడుతుంది. ఆ తేదీ దాటితే యంత్రం ఆగిపోదు కానీ భద్రతా సవరణలు రావడం ఆగిపోతుంది. కథలు చదువుకోవడానికే అయితే ఏమో గానీ, బ్యాంకు ఖాతా తెరిచే యంత్రానికి అది చిన్న లోటు కాదు. 2023 సెప్టెంబరులో ఈ గడువును పది సంవత్సరాలకు పెంచినట్టు ప్రకటించారు; 2021 నుంచి వచ్చిన క్రోమ్‌బుక్‌లకు ఇది వాటంతట అదే వర్తిస్తుంది. అయితే ఈ పదేళ్లను మనం కొన్న రోజు నుంచి లెక్కపెట్టరు. లోపలి హార్డ్‌వేర్ వేదిక, అంటే ఆ రకం యంత్రాలకు ఆధారమైన మూల నమూనా, మొదటిసారి విడుదలైన నాటి నుంచి లెక్కపెడతారు. నేను 2024 జనవరిలో కొత్తది కొన్నాను, దాని గడువు 2031 జూన్. అంటే నాకు దక్కినది ఏడున్నర సంవత్సరాల లోపే. మోడల్ పేరును బట్టి గడువు తేదీ చెప్పే పట్టిక గూగుల్ సహాయ పుటల్లో ఉంటుంది కనుక, పెట్టె విప్పకముందే చూసుకోవచ్చు. ధర చీటీ కన్నా ముందు ఈ తేదీ చూడండి. 19,000 పెట్టి ఏడేళ్లు వాడే యంత్రం, 6,500 పెట్టి ఒక సంవత్సరం వాడే యంత్రం కన్నా చవక అని లెక్కల మాస్టారు కాని నాకు కూడా అర్థమైంది.

ఆ కొత్తదాని సంగతి క్లుప్తంగా చెబుతాను. 14 అంగుళాల తెర, 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ, ఒకటిన్నర కిలో లోపు బరువు, 19,000 లోపు ధర. మూత తెరిచి పది లెక్కపెట్టేలోపు పనికి సిద్ధమవుతుంది. ఫ్యాను లేదు కనుక చప్పుడు లేదు. అప్‌డేట్‌లు వెనకాల తామే దిగుతాయి. మరొకసారి ఆపి తెరిస్తే చాలు. ఛార్జరు టైప్-సి, అంటే ఇప్పటి ఫోన్ల పిన్నే, కాకపోతే చిన్న ఫోను ఛార్జరు పెడితే చాలా నెమ్మదిగా ఎక్కుతుంది. మీటల పలకలో క్యాప్స్ లాక్ ఉండవలసిన చోట వెతుకులాట మీట ఉంటుంది. మీ నాన్నగారు మొదటి వారం దాన్ని పొరపాటున నొక్కుతారు, కంగారుపడవద్దని ముందే చెప్పండి.

తెలుగు రాసుకోవడం గురించి మీరు ఒక్క ముక్కలో అడిగారు కానీ, నాకు అదే ముఖ్యం. సెట్టింగ్‌లలో తెలుగు కీబోర్డు చేర్చుకుంటే, ఉచ్చారణను బట్టి ఇంగ్లీషు మీటలతోనే తెలుగు పడుతుంది. కంట్రోల్, స్పేస్ కలిపి నొక్కితే ఒక భాష నుంచి మరొక భాషకు మారుతుంది. గూగుల్ డాక్స్‌లో మరిన్ని ఫాంట్‌లు తెరిచి లిపిని తెలుగుగా ఎంచుకుంటే పెద్దన, తిమ్మన, ధూర్జటి, గిడుగు, సురవరం, మండలి, రామభద్ర అని వరుసగా కనబడతాయి. అమెరికాలోని తెలుగు సాంస్కృతిక సంస్థ సిలికానాంధ్ర వారు ఉచితంగా అందించిన అక్షరాలు ఇవి. పాఠంలో చెప్పిన కవుల పేర్లు ఫాంట్ల జాబితాలో చూసిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంతని చెప్పలేను.

ఇక్కడ ఒక ఆవేదన చెప్పుకోవాలి. కిందటి సంవత్సరం మా పూర్వ విద్యార్థుల సంఘం ప్రత్యేక సంచిక వేసింది. నేను యూనికోడ్‌లో, అంటే ఏ యంత్రంలోనైనా ఒకేలా చదవగలిగే అక్షర పద్ధతిలో, టైపు చేసి పంపిన వ్యాసాన్ని డీటీపీ కేంద్రంలో అను ఫాంటులోకి, అంటే యూనికోడ్ కాని పాత పద్ధతి అక్షరాల్లోకి మార్చి, తప్పులు దిద్దమని ఆ ఫైలునే నాకు పంపారు. నా తెర మీద తెరిస్తే 'తెలుగు' అన్న మాట ఉండవలసిన చోట ఇంగ్లీషు అక్షరాలు, కొట్టివేత గుర్తులు, డాలరు గుర్తులు కలగాపులగంగా కనిపించాయి. పీడీఎఫ్ అడిగి తెప్పించుకొని దిద్దాను. యూనికోడ్ 1991లో మొదటి రూపం విడుదలైన నాడే తెలుగుకు అందులో చోటు దొరికింది. ఇన్నేళ్లు గడిచినా మన అచ్చు పని పేజ్‌మేకర్ అనే పాత పుటల కూర్పు సాఫ్ట్‌వేర్, అను దగ్గరే ఆగిపోవడం వల్ల, అందులో పెట్టిన తెలుగు వెతికితే దొరకదు, మరొక యంత్రంలో తెరిస్తే చదవరాదు. క్రోమ్‌బుక్‌లో తెలుగు రాదని కొందరు చెబుతారు. తెలుగు చక్కగా వస్తుంది. రానిది అను మాత్రమే. ఈ తేడా మీ నాన్నగారికి తెలిసి ఉండాలి.

రానివి మరికొన్ని ఉన్నాయి, దాచకుండా చెబుతాను. విండోస్ కోసం చేసిన ట్యాలీని ఇందులో పెట్టుకోలేరు. టెండర్లకూ జీఎస్టీకీ వాడే డిజిటల్ సంతకం యూఎస్‌బీ టోకెన్ల డ్రైవర్లు దీనికి కుదరవు. మీ నాన్నగారు ఎవరికైనా లెక్కలు రాసిపెడుతూ ఉంటే ఇది తీసుకోవద్దు. ప్రింటరు విషయంలో నేనే ఇబ్బందిపడ్డాను. మా ఇంట్లో పన్నెండేళ్ల నాటి లేజర్ ప్రింటరు ఉంది, కేబుల్‌తో కలిపేది. క్రోమ్‌బుక్ దాన్ని గుర్తుపట్టలేదు. ఈ మధ్య వచ్చే వైఫై ప్రింటర్లు చాలావరకు డ్రైవరు లేకుండానే కలుస్తాయి. నేను కొత్త ప్రింటరు కొనలేదు, పీడీఎఫ్‌ను ఫోనుకు పంపి వీధి చివర జిరాక్స్ దుకాణంలో తీయించుకుంటున్నాను.

నెట్ లేకపోతే క్రోమ్‌బుక్ ఉత్త పలక అని దుకాణాల్లో చెప్పే మాట నిజం కాదు. డాక్స్‌లో ఆఫ్‌లైన్ సౌకర్యాన్ని ముందుగా తెరిచి ఉంచుకుంటే, నెట్ పోయినా రాస్తూ ఉండవచ్చు. తిరిగి వచ్చాక అదే సర్దుకుంటుంది. కిందటి వేసవిలో గాలివానకు మా వీధిలో కరెంటు, నెట్ రెండూ పోయిన రాత్రి బ్యాటరీ మీదే ఆరు పుటలు రాశాను, ఒక్క అక్షరం పోలేదు. అదే ధరలో 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ ఉన్న విండోస్ యంత్రాన్ని మీకు అంటగట్టాలని చూస్తారు. విండోస్ 11కు కనీసంగా కావలసినవే ఆ రెండూ. కనీసంతో మొదలైన యంత్రం మూడవ నెల నుంచే నడవలేక నడుస్తుంది. మా పక్కింటివారిది అలాగే అయింది.

మీ ఇంట్లో ఇప్పటికే పాత విండోస్ ల్యాప్‌టాప్ ఏదైనా మూల పడి ఉంటే, కొత్తది కొనడానికి ముందు దాని మీద క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ (పాత కంప్యూటర్లలో వేసుకోవడానికి గూగుల్ ఇచ్చే క్రోమ్ ఓఎస్ రూపం) ప్రయత్నించండి. ఇది ఉచితం. 4 జీబీ ర్యామ్, 16 జీబీ నిల్వ ఉంటే చాలు. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడవచ్చు. ప్లే స్టోర్ మాత్రం రాదు. పక్కింటివారి యంత్రానికి మా వాడు ఇదే చేశాడు, వారిప్పుడు దానిమీదే రోజూ భక్తి కార్యక్రమాలు చూస్తున్నారు.

ఇక 4 జీబీ చాలుతుందా అంటే, మీ నాన్నగారికి చాలుతుంది. నేను ఎనిమిది, తొమ్మిది ట్యాబుల వరకు ఇబ్బంది లేకుండా వాడతాను. అంతకు మించితే, వెనక వదిలేసిన ట్యాబుకు తిరిగి వచ్చినప్పుడు ఆ పుట మళ్లీ మొదటి నుంచి తెరుచుకుంటుంది. ఏదైనా దరఖాస్తు సగం నింపి వదిలి వెళ్లితే నింపినదంతా పోయే ప్రమాదం ఉంది కాబట్టి, దరఖాస్తు నింపేటప్పుడు మిగతావి మూసివేయమని చెప్పండి. అదే యంత్రాన్ని మనవలు కూడా తరగతుల కోసం వాడతారంటే 8 జీబీదే తీసుకోండి. చాలా క్రోమ్‌బుక్‌లలో ర్యామ్‌ను బోర్డుకే అతికించి ఇస్తారు, తరువాత పెంచుకోవడం కుదరదు.

టచ్ స్క్రీన్‌కు అదనంగా డబ్బు పెట్టకండి. నేను తీసుకోలేదు, లోటు తెలియలేదు. ఆ డబ్బుతో ఒక మౌస్, మీ నాన్నగారి కళ్లజోడుకు సరిపడే పెద్ద తెర తీసుకోండి. కొన్న రోజు మీరు పక్కన కూర్చొని అక్షరాల పరిమాణం పెంచి, తెలుగు కీబోర్డు చేర్చి, ఆయన చేత ఆయన పేరు తెలుగులో ఒకసారి టైపు చేయించండి.