ఓజోన్ రీడింగ్ తక్కువ వస్తే

అమ్మాయీ, ఆశీస్సులు.

గాలిలో ఓజోన్‌ను కొలిచే మీటర్ (ఓజోన్ ఎనలైజర్) బాధ్యత నీకిచ్చారన్నావు, సంతోషం. ముందు ఒక లెక్క మనసులో పెట్టుకో. మన దేశంలో గాలిలో ఓజోన్‌కు 8 గంటల సగటున పెట్టిన హద్దు ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు, అంటే దాదాపు 50 పీపీబీ (వంద కోట్ల వంతుల గాలిలో 50 వంతులు). అంత ఓజోన్ ఉన్న గాలి మీటర్‌లో కాంతి దాటే 38 సెంటీమీటర్ల గొట్టంలో, అంటే సెల్‌లో, నిండితే పాదరసం దీపం నుంచి వచ్చే 253.7 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి పదివేల వంతుల్లో అయిదు వంతులే తగ్గుతుంది. నువ్వు కొలవాల్సింది ఆ అయిదు వంతులే. కాబట్టి దీపం వెలిగించాక గంటసేపు కుదురుకోనివ్వు.

మీటర్ ఒకసారి బయటి గాలిని, ఒకసారి స్క్రబ్బర్‌లో ఓజోన్ పోగొట్టిన అదే గాలిని చూసి తేడా తీస్తుంది. స్క్రబ్బర్‌లోని మాంగనీస్ డయాక్సైడ్ పస తగ్గితే ఓజోన్ కొంత దాటిపోతుంది, తేడా చిన్నదవుతుంది. గాలి లోపలికొచ్చే దారిలోని ఫిల్టర్‌పై దుమ్ము పేరుకున్నా రీడింగ్ తగ్గుతుంది, ఓజోన్ ఆ దుమ్ము మీదే విరిగిపోతుంది కనుక. లీకు ఉన్నా తక్కువే, గది గాలి కలుస్తుంది.

మూడింటినీ ఇలా విడదీయి. ఓజోన్ తయారుచేసే జనరేటర్ నుంచి 200 పీపీబీ ఓజోన్ ఇవ్వు. మీటర్ లాగేదానికన్నా అయిదో వంతు ఎక్కువ వదిలి, మిగిలింది గది బయటికి పోనీ. మొదట ఫిల్టర్ గుండా పంపు, తర్వాత ఫిల్టర్ తప్పించి. రెండోసారి పెరిగితే దోషం ఫిల్టర్‌దే. తీసి తెల్ల కాగితం పక్కన పెట్టు, మధ్యలో బూడిదరంగు మచ్చ కనిపిస్తుంది. పెరగకపోతే ఇన్‌లెట్ మూసి చూడు, ఫ్లో సున్నాకు రాకపోతే లీకు. అదీ కాకపోతే స్క్రబ్బర్ మార్చి చూడు.

స్పాన్ (రీడింగ్‌ను పెంచి తగ్గించే సవరణ) తిప్పి మాత్రం సరిపెట్టొద్దు తల్లీ. ఓజోన్ అణువు ఎంత కాంతిని పీల్చుకుంటుందో అది మారదు. స్పాన్‌ను నాలుగైదు శాతం మించి కదపాల్సి వచ్చిందంటే మీటర్‌లోనో గొట్టాల్లోనో తప్పుంది.

మీటర్ పీపీబీని గాలి ఒత్తిడిని బట్టి లెక్కిస్తుంది, అందుకే ప్రెజర్ సెన్సర్‌ను పంపు ఆపి బారోమీటర్‌తో పోల్చు. హైదరాబాద్ దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది, ఒత్తిడి తీరంకన్నా సుమారు 6 శాతం తక్కువ. వాతావరణ బులెటిన్‌లో ఇచ్చేది సముద్రమట్టానికి సవరించిన అంకె. సెన్సర్‌ను ఆ అంకెకు సరిచేశావంటే ఓజోన్ కూడా 6 శాతం తక్కువ చూపిస్తుంది.

గొట్టాలు టెఫ్లాన్‌వే వాడు, రబ్బరు, రాగి వద్దు. వానాకాలంలో ఏసీ గాలి గొట్టానికి నేరుగా తగిలితే లోపల నీరు పట్టి రీడింగ్ ఎగిరెగిరి పడుతుంది, స్పాంజి తొడుగు వెయ్యి.

కొత్త ఫిల్టర్ మొదట్లో కాస్త ఓజోన్‌ను తినేస్తుంది. పెట్టగానే జనరేటర్ నుంచి ఎక్కువ ఓజోన్ పంపు, రీడింగ్ నిలకడకొచ్చాకే డేటా తీసుకో.