ఎరువుల కొట్టు ఖాతాతోనే ఎస్‌క్యూఎల్ మొదలుపెట్టండి

ప్రశ్న: బీకాం కంప్యూటర్స్ ఫైనలియర్ చదువుతున్నాను. మాది తెనాలి దగ్గర పల్లె. నాన్నకు ఎరువుల కొట్టుంది. డేటాబేస్, రిపోర్టింగ్ నేర్చుకుంటే త్వరగా ఉద్యోగం వస్తుందని స్నేహితులు అమీర్‌పేటలో కోర్సుల్లో చేరుతున్నారు. నాకేమో కోడింగ్ అంటే టెన్షన్. నేనూ చేరనా?

జవాబు: ఇప్పుడే ఫీజు కట్టకండి. రెండు నెలలు ఇంట్లోనే ప్రయత్నించి చూడండి. నేర్చుకోవడానికి కావలసిన డేటా మీ కొట్లోనే ఉంది.

డేటాబేస్ నుంచి కావలసిన సమాచారం అడిగే భాషే ఎస్‌క్యూఎల్. మీరు భయపడే తరహా కోడింగ్ అందులో తక్కువ. ఏ టేబుల్ నుంచి, ఏ షరతుతో, ఏం కావాలో చెబితే వెతికే పని డేటాబేస్ చూసుకుంటుంది. సమాచారాన్ని పట్టికలుగా పెట్టుకోవచ్చని 1970లో ఐబీఎంలో పనిచేస్తున్న ఎడ్గర్ కాడ్ ప్రతిపాదించాడు. ఎస్‌క్యూఎల్ కూడా అదే కంపెనీలో పుట్టింది. లెడ్జర్ చదివిన బీకాం వాళ్లకి పట్టికలు కొత్తేమీ కాదు కదా!

మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. ల్యాప్‌టాప్ పాతదైతే ఎస్‌క్యూలైట్ చాలు. నాన్నగారి ఖాతా పుస్తకంలోంచి ఓ వంద బిల్లులు ఎక్కించండి. రైతులు, బిల్లులు, బిల్లులోని సరుకులు, జమలు... ఇవి నాలుగు టేబుళ్లు. ప్రతి రైతుకూ ఒక నంబరు, అంటే ప్రైమరీ కీ, ఎందుకివ్వాలో ఊళ్లో ఒకే పేరున్న ఇద్దరు తగిలినప్పుడు మీకే తెలుస్తుంది.

చాలామంది తడబడేది జాయిన్ దగ్గర, అంటే రెండు టేబుళ్లను కలిపే చోట. ఒక రైతు యూరియా, డీఏపీ, పొటాష్ కలిపి 6,000 రూపాయల సరుకు తీసుకున్నాడనుకుందాం. రెండు విడతల్లో రెండేసి వేలు కట్టాడు. ఇంకా 2,000 బాకీ. సరుకుల టేబుల్‌నీ, జమల టేబుల్‌నీ బిల్లు నంబరు మీద నేరుగా జాయిన్ చేస్తే మూడు సరుకులకు రెండు జమలు చొప్పున ఆరు వరసలొస్తాయి. సరుకు మొత్తం రెండింతలై 12,000 అవుతుంది, జమ మూడింతలై అదీ 12,000 అవుతుంది. బాకీ సున్నా! ఎర్రర్ రాదు, రిపోర్టు మాత్రం చక్కగా కనిపిస్తుంది. ముందు బిల్లు వారీగా దేనికది గ్రూప్ బైతో, అంటే ఒకే బిల్లు వరసల్ని ఒకచోట చేర్చే ఆదేశంతో కూడి, ఆ తర్వాత జాయిన్ చేయాలి. ఇంటర్వ్యూలో ఈ సంగతి సొంతంగా వివరించగలిగినవాళ్లు నాకు తక్కువగానే కనిపించారు.

ఇది పట్టుబడ్డాకే రిపోర్టులు, చార్టులు తయారుచేసే పవర్ బీఐ జోలికి వెళ్లండి. డెస్క్‌టాప్ వెర్షన్ ఉచితమే కానీ విండోస్‌లోనే పనిచేస్తుంది. ఆన్‌లైన్‌లో పెట్టాలంటే మామూలు జీమెయిల్ కుదరదు, కాలేజీ లేదా ఆఫీసు మెయిల్ ఉండాలి. రంగురంగుల చార్టుల మీద వారాలు తగలేయకండి. ఎక్సెల్‌లో పివట్ టేబుల్ (వరసల్ని కూడి సారాంశం చూపే పట్టిక) మాత్రం బాగా రావాలి, ఎంఐఎస్ ఉద్యోగాల్లో, అంటే కంపెనీకి రిపోర్టులు తయారుచేసే పనుల్లో రోజూ దానితోనే పని.

ఒంటరిగా కూర్చుని చదవలేనంటే అప్పుడు కోర్సులో చేరండి, తప్పులేదు. డెమో క్లాసు వినకుండా, 'నూరు శాతం ప్లేస్‌మెంట్' బోర్డు చూసి మాత్రం డబ్బు కట్టొద్దు.

ఈలోగా ఎవరెంత బాకీ ఉన్నారో ఒక రిపోర్టు తీసి నాన్నగారికి చూపించండి. ఆయన పుస్తకంతో ఎక్కడ తేడా వచ్చిందో, తప్పు ఎవరిదో రాసి పెట్టుకోండి. ఇంటర్వ్యూకి ఆ కాగితం కూడా తీసుకెళ్లండి.