పడిన గాలా, తిరిగిన గాలా?

జూలై దగ్గరపడుతున్నకొద్దీ ఈ శీర్షికకు హుస్సేన్‌సాగర్ తెరచాప పడవల గురించి ఉత్తరాలు పెరుగుతాయి. ఈ నెల వచ్చినవాటిలో మూడింటికి జవాబులిస్తున్నాను. మొదటిదానికే ఎక్కువ చోటు పట్టింది.

ప్రశ్న: రెండేళ్లుగా లేజర్ రేడియల్ (ఒక్కరే నడిపే చిన్న తెరచాప పడవ) నడుపుతున్నాను. గాలి బాగా ఉన్న రోజున మొదటి ఐదారుగురిలో ఉంటాను. గాలి తక్కువగా ఉండి మాటిమాటికీ దిక్కు మార్చే రోజున మాత్రం ఆరంభంలో ముందున్నా, మొదటి బోయా (చుట్టి రావలసిన తేలే గుర్తు) చేరేసరికి సగంమంది నన్ను దాటిపోతున్నారు. గాలి మళ్లినప్పుడు ట్యాక్ చేయాలన్నారు (అంటే పడవ ముక్కును గాలికెదురుగా దాటించి రెండో వైపుకు తిప్పాలన్నారు) కదా అని, తెరచాప అంచు రెపరెపలాడగానే చేస్తూనే ఉన్నాను. ఇదంతా అదృష్టమేనా?
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: అదృష్టం పాలు కొంత ఉన్నమాట నిజమే. కాని మీ కష్టానికి అసలు కారణం మీ ఉత్తరంలోనే ఉంది. ‘రెపరెపలాడగానే’ అని రాశారు, అక్కడే పొరపాటు జరుగుతోంది. తెరచాప అంచు రెండు కారణాల వల్ల రెపరెపలాడుతుంది. గాలి నిజంగా దిక్కు మార్చి మీ పడవ ముక్కు వైపుకు తిరగడం ఒకటి, దీన్నే మనవాళ్లు హెడర్ అంటారు. గాలి దిక్కు మార్చకుండా కేవలం పడిపోవడం రెండోది. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, చేయవలసిన పని మాత్రం పూర్తిగా వేరు.

ట్యాంక్‌బండ్ మీద స్కూటర్ నడిపినవారికి ఈ సంగతి సులువుగా తెలుస్తుంది. చెరువు మీదుగా పడమటి గాలి పక్కనుంచి వీస్తున్నా, బండి కదులుతుండడం వల్ల అది మీకు ఏటవాలుగా ముందునుంచి తగులుతుంది. ఆ పక్కగాలి ఉన్నట్టుండి ఆగిపోతే మిగిలేది బండి వేగం పుట్టించిన ఎదురుగాలి మాత్రమే, అది తిన్నగా ముఖానికి కొడుతుంది. గాలి తిరిగిందా అంటే తిరగలేదు, పడిపోయింది. పడవలోనూ ఇంతే. గాలి తగ్గిన క్షణంలో పడవ ఇంకా పాత వేగంతోనే పోతూ ఉంటుంది గనుక, తెరచాపకు తగిలే గాలి ముందుకు జరిగినట్టు తోస్తుంది. ఆ క్షణంలో మీరు ట్యాక్ చేస్తే, ఉన్న కాస్త వేగమూ ఆ మలుపులోనే ఖర్చయిపోతుంది. నిజానికి గాలి తిరగలేదు గనుక కొత్త ట్యాక్‌లో మీకు కలిసొచ్చేదేమీ ఉండదు. కొన్ని సెకన్లలో గాలి తిరిగి వచ్చేసరికి మీరు నిలబడిపోయి ఉంటారు, పక్కవాడు సాగిపోతూ ఉంటాడు.

కనుక అంచు కదలగానే చేయవలసింది ఓపిక పట్టడం. చుక్కానిని పెద్దగా కదపకుండా, మెయిన్‌షీట్‌ను, అంటే తెరచాపను లాగి పట్టే తాడును, ఒక్క జానెడు వదిలి, శరీరాన్ని కాస్త లోపలికి జరుపుకుని మూడు నాలుగు సెకన్లు ఆగండి. పడవ వేగం తగ్గి, అదే దిక్కున తెరచాప మళ్లీ నిండితే అది పడిన గాలి. అంతసేపు ఆగినా నిండకపోతే, నిండించడానికి ముక్కును బోయానుంచి దూరంగా తిప్పక తప్పకపోతే, అది తిరిగిన గాలి. అప్పుడు నిస్సంకోచంగా ట్యాక్ చేయండి.

ఎంత తిరిగితే ట్యాక్ చేయాలన్నది తరువాతి ప్రశ్న. ఇందుకు పోటీకి కనీసం పావుగంట ముందే నీళ్లమీద ఉండాలి. రెండు ట్యాక్‌ల మీదా గాలికెదురు నడుపుతూ దిక్సూచి అంకెలు చూసుకోండి. గాలి 250 నుంచి 270 డిగ్రీల మధ్య ఊగుతోందనుకుందాం, సగటు 260. పడవ గాలికి సుమారు 45 డిగ్రీల కోణంలో సాగుతుందనుకుంటే, స్టార్‌బోర్డ్ ట్యాక్ మీద (గాలి కుడినుంచి తగిలేటప్పుడు) ముక్కు 215 దగ్గరా, పోర్ట్ ట్యాక్ మీద (ఎడమనుంచి తగిలేటప్పుడు) 305 దగ్గరా ఉండాలి. స్టార్‌బోర్డ్ మీద 205 చూపిస్తే అది హెడర్. అప్పుడు తిరిగితే పోర్ట్ మీద 295 దొరుకుతుంది, అంటే సగటుకంటే పది డిగ్రీలు బోయాకు దగ్గరి దారి. 225 చూపిస్తే గాలి మీకు కలిసొచ్చినట్టే. పక్కవాళ్లు ఎటు పోతున్నా మీరు కదలకండి. నాలుగైదు డిగ్రీల తేడాకు మాత్రం తిరగవద్దు. మందగాలిలో ఒక్కో ట్యాక్‌కు ఒక పడవ పొడవో, అంతకంటే ఎక్కువో పోతుంది, ఆ చిన్న తేడాలో అది తిరిగి రాదు. దిక్సూచి లేనివారు ఒడ్డున ముక్కుకు సూటిగా ఏ భవనం ఉందో గుర్తుపెట్టుకున్నా చాలు.

ఈ లాభం ఎంతో లెక్క కట్టవచ్చు. సమానంగా సాగుతూ అడ్డంగా 40 మీటర్ల ఎడంలో ఉన్న రెండు పడవలలో, గాలి పది డిగ్రీలు తిరిగితే, అది తిరిగిన వైపున ఉన్న పడవకు దాదాపు పది మీటర్ల ఆధిక్యం వస్తుంది. లేజర్ పొడవు 4.2 మీటర్లు గనుక అది రెండు పడవలకు పైమాటే. ఎడం 200 మీటర్లయితే లాభం 50 మీటర్లు అవుతుంది, గాలి రెండో వైపుకు తిరిగితే నష్టమూ అంతే. ఒక మూలకు ఒంటరిగా పోవడం జూదమని మేము చెప్పేది ఇందుకే. చాలా ఏళ్ల కిందట నేనే, నెక్లెస్ రోడ్డు వైపు నీళ్లమీద నల్లటి చిరు అలల మచ్చ కనబడగానే అందరినీ వదిలి అటు పరుగెత్తాను. నేను చేరేసరికి ఆ గాలి నన్ను దాటి మిగిలినవాళ్ల దగ్గరికి వెళ్లింది, అద్దంలాంటి నీళ్లలో నేను మిగిలాను. ఆ రోజు చివరినుంచి రెండోవాణ్ని. నల్లటి మచ్చ ఇప్పుడు ఎక్కడుందో చూసి బయలుదేరాను గాని, నేను చేరే సమయానికి అది ఎక్కడుంటుందో ఆలోచించలేదు.

మన చెరువులో ఈ మచ్చలు ఎక్కువ. వానాకాలపు గాలి పడమర, నైరుతి దిక్కులనుంచి నగరం మీదుగా, చెట్లూ మేడలూ దాటుకుంటూ వస్తుంది. అడ్డుగా ఉన్నదాని వెనుక దాని ఎత్తుకు పది రెట్ల దూరం దాటినా గాలి చిక్కుపడే ఉంటుంది. అందుకే గాలి వచ్చే ఒడ్డుకు దగ్గరయ్యేకొద్దీ తిరుగుళ్లు పెద్దవిగా, హఠాత్తుగా ఉంటాయి. బోయా అక్కడుంటే చివరి వంద మీటర్లకోసం కాస్త ఓపిక మిగుల్చుకోండి.

మరొక మాట. మందగాలిలో కారణం లేకుండా పడవ బరువెక్కినట్టనిపిస్తే డాగర్‌బోర్డును (పడవ అడుగునుంచి నీళ్లలోకి దిగే పలకను) ఒకసారి పైకెత్తి దించండి. గుర్రపుడెక్క తీగో, పాలిథీన్ సంచో దానికి చుట్టుకుని ఉండడం మన చెరువులో వింత కాదు.

ప్రశ్న: సంజీవయ్య పార్కులోని పెద్ద జెండా ఎగిరే తీరు చూసి గాలిని అంచనా వేయవచ్చునా?
– ఒక విద్యార్థి, బేగంపేట

జవాబు: పోటీ జరుగుతుందా లేదా అని ఇంటినుంచి చూసుకోవడానికి పనికొస్తుందేమో గాని, ట్యాక్ చేయడానికి పనికిరాదు. 2016 జూన్ 2న ఎగరేసిన ఆ జెండా స్తంభం ఎత్తు 291 అడుగులు, అంటే దాదాపు 89 మీటర్లు. మీ పడవ మాస్ట్ (తెరచాప స్తంభం) ఆరు మీటర్లకు అటూ ఇటూ. నేలా నీరూ రాపిడి వల్ల కింది గాలి మందగిస్తుంది. మన ఉత్తరార్ధగోళంలో పైగాలి సాధారణంగా కింది గాలికంటే కొంచెం గడియారపు ముల్లు తిరిగే వైపుకు మళ్లి ఉంటుంది. పైగా అంత పెద్ద గుడ్డ కదలాలంటే గట్టి గాలే కావాలి, అది వేలాడుతున్నప్పుడు కూడా నీళ్లమీద పోటీకి చాలినంత గాలి ఉండవచ్చు. మీకంటే వంద మీటర్లు ముందున్న పడవ ఎంత వాలి ఉందో, ఎటు చూస్తోందో గమనించండి, అంతకు మించిన జెండా లేదు.

ప్రశ్న: మా అమ్మాయికి పదేళ్లు, ఆప్టిమిస్ట్ (పిల్లల చిన్న తెరచాప పడవ) నడుపుతుంది. మొన్నటి పోటీలో గాలి లేక పడవ నిలిచిపోతే చుక్కాని పిడిని అటూ ఇటూ ఊపిందని పసుపు జెండా చూపించారు. చిన్నపిల్ల, గాలి లేకపోతే ఇంకేం చేయాలి?
– ఒక తల్లి, మారేడ్‌పల్లి

జవాబు: మీ బాధ అర్థమైంది గాని, జెండా చూపించినవారిది తప్పు కాదు. పడవను గాలీ నీరూ మాత్రమే నడపాలని పోటీ నియమాలలో 42వది చెబుతుంది. చుక్కానిని తెడ్డులా ఊపడం, పడవను పదేపదే అటూ ఇటూ ఒరిగించడం, తెరచాపను విసనకర్రలా లాగడం దాని ప్రకారం కూడవు. మొదటి పసుపు జెండాకు, వెంటనే పక్కకు తప్పుకుని ఒకే వైపుగా రెండు చుట్లు తిరిగితే సరిపోతుంది. అదే పోటీల వరుసలో రెండోసారి చూపిస్తే ఆ పందెం వదిలి వెళ్లిపోవాలి. ఒక మినహాయింపు అమ్మాయికి తప్పక చెప్పండి. ముక్కు గాలికి మరీ ఎదురుగా తిరిగి పడవ నిలిచిపోయినా, దాదాపు నిలిచిపోయినా, మళ్లీ తన దారిలోకి తిరిగేంతవరకు చుక్కాని ఊపవచ్చు, అంతకు మించి కూడదు. ట్యాక్ చేసేటప్పుడు ఒంటితో పడవను ఒరిగించి తిప్పడం కూడా అనుమతించినదే, కాకపోతే ట్యాక్ చేయకుండా ఉంటే ఎంత వేగం ఉండేదో, తిరిగిన వెంటనే అంతకు మించి ఉండకూడదు.

ఇక ఏం చేయాలంటే, కదలకుండా కూర్చోవాలి. అది పిల్లలకు ఎంత కష్టమో నాకు తెలుసు. ఆప్టిమిస్ట్ పొడవు 2.3 మీటర్లు, ఒట్టి పడవ బరువు 35 కిలోలు. పిల్ల బరువు కూడా ఇంచుమించు అంతే గనుక ఆమె అటు జరిగి ఇటు జరిగితే తెరచాపలో ఉన్న గాలి కాస్తా చెదిరిపోతుంది. ముందుకు, మధ్య బల్లకు దగ్గరగా కూర్చుంటే వెనుక చెక్క నీళ్లను ఈడ్చకుండా పైకి లేస్తుంది. పడవను గాలి పోయే వైపుకు కొద్దిగా వాల్చి ఉంచితే తెరచాప తన బరువుకే కడుపు పోసుకుని, వచ్చిన పిసరంత గాలినీ పట్టుకుంటుంది. పిడిని వేళ్లతో, పెన్సిల్ పట్టుకున్నంత తేలిగ్గా పట్టుకోమనండి.